పెద్ద శాఖా, చిన్న శాఖా? అమెరికాలో పోలీసు ఉద్యోగార్థి ముందున్న ఎంపిక

అమెరికాలో పోలీసు ఉద్యోగం చేయాలనుకునేవారు మొదట తేల్చుకోవలసింది ఏ శాఖలో చేరాలన్నది. మన దగ్గర ఈ ప్రశ్న ఈ రూపంలో ఎదురుకాదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం పోలీసు వ్యవస్థ రాష్ట్రాల జాబితాలోని అంశం కాబట్టి తెలంగాణకు ఒకటే పోలీసు శాఖ, ఆంధ్రప్రదేశ్‌కు ఒకటే పోలీసు శాఖ. రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్ష నెగ్గి ఎస్సై అయిన మనిషి మారుమూల మండలంలో ఉన్నా నగరం నడిబొడ్డున ఉన్నా పే స్కేలు, సర్వీసు నిబంధనలు ఒకటే. అమెరికాలో పోలీసును పెట్టుకునేది, జీతమిచ్చేది, తీసేసేది చాలావరకు స్థానిక ప్రభుత్వమే. ఊరికో పోలీసు శాఖ, జిల్లా లాంటి కౌంటీకో షెరీఫ్, రాష్ట్రానికో హైవే పెట్రోల్ లేదా స్టేట్ పోలీసు ఉంటాయి. ఇవి కాక విశ్వవిద్యాలయాలకు, రైళ్ళకు, పాఠశాలలకు విడివిడి శాఖలున్నాయి. ఒక చివర 30 వేలకు పైగా పోలీసులున్న న్యూయార్క్ నగర శాఖ, మరో చివర చీఫ్‌తో కలిపి నలుగురైదుగురున్న పల్లెటూరి శాఖ. అందుకే ఉద్యోగార్థుల మధ్య, వారికి సలహాలిచ్చేవారి మధ్య పెద్దది మేలా, చిన్నది మేలా అన్న చర్చ దశాబ్దాలుగా సాగుతోంది. శాఖ పరిమాణం వల్ల ఏవి మారతాయో, ఏవి మారవో విడదీసి చూస్తే ఈ చర్చలోని గందరగోళం చాలావరకు తొలగుతుంది. పని వైవిధ్యం, ఎదిగే దారి పరిమాణాన్ని బట్టి మారతాయి. శిక్షణ నాణ్యత, జీతం, ఉద్యోగ భద్రత, శాఖ నడవడి మాత్రం పరిమాణం చెప్పినట్టు వినవు.

వ్యవస్థ ఇలా ఎందుకుంది

అమెరికా న్యాయ శాఖ 2008లో జరిపిన గణనలో రాష్ట్ర, స్థానిక స్థాయిల్లో 17,985 పోలీసు సంస్థలు తేలాయి. వాటిలో 12,501 స్థానిక పోలీసు శాఖలు, 3,063 షెరీఫ్ కార్యాలయాలు. అరెస్టు అధికారమున్న పూర్తికాలపు సిబ్బంది మొత్తం 7 లక్షల 65 వేలు. ఈ సంస్థల్లో దాదాపు సగం పదిమంది కంటే తక్కువ అధికారులతో నడిచేవి. మరోపక్క మొత్తం అధికారుల్లో 64 శాతం మంది నూరుగురు, అంతకు మించి ఉన్న సంస్థల్లోనే పనిచేసేవారు. అంటే అమెరికాలో సగటు పోలీసు శాఖ చిన్నది, సగటు పోలీసు మాత్రం పెద్ద శాఖలో ఉన్నాడు. సినిమాలు, టీవీ సీరియళ్ళు చూసి న్యూయార్క్, లాస్ ఏంజెలెస్‌లే అమెరికా పోలీసు అనుకునేవారూ, ప్రతి ఊరికీ తనదైన పోలీసు ఉంటాడని ఊహించుకునేవారూ చెరో సగం నిజమే చెబుతున్నారు.

ఈ చీలిక యాదృచ్ఛికం కాదు. స్థానిక స్వపరిపాలన మీద అమెరికన్లకున్న మమకారం, కేంద్రీకృత సాయుధ బలమంటే వారికున్న అనుమానం దీనికి మూలం. దీన్ని సరిదిద్దాలన్న ప్రయత్నాలూ పాతవే. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ నియమించిన నేర న్యాయ కమిషన్ చిన్న శాఖలు సేవలను కలిపి నడుపుకోవాలని 1967లో చెప్పింది. 1973లో జాతీయ సలహా కమిషన్ ఇంకో అడుగు ముందుకేసి, పదిమంది కంటే తక్కువున్న శాఖలు ఒకదానిలో ఒకటి కలిసిపోవాలని సిఫారసు చేసింది. అధ్యక్షుడు ఒబామా నియమించిన కార్యదళం కూడా చిన్న సంస్థలు వనరులను పంచుకోవాలనీ, వీలైతే విలీనం కావాలనీ 2015లో సూచించింది. అర్ధశతాబ్దంగా నిపుణులు ఒకే మాట చెబుతున్నా చిన్న శాఖలు పోలేదు, ఊళ్ళు వాటిని వదులుకోలేదు. కాబట్టి ఎంపిక ప్రశ్న ఇకముందూ ఉంటుంది.

పనిలో తేడా

పరిమాణం నిజంగా మార్చేది రోజువారీ పని స్వరూపాన్ని. పదిమంది కూడా లేని శాఖలో రాత్రి షిఫ్టు అంటే తరచుగా ఒక్క కారు, ఒక్క మనిషి. హైవే పక్కన మోటెల్‌లో దొంగతనం జరిగిందని 911కు ఫోను వస్తే ఆ ఒక్కరే వెళ్ళాలి. తలుపు పిడికి పొడి అద్ది వేలిముద్రలు తీయాలి, ఫొటోలు తీయాలి, కౌంటర్‌లో ఉన్న క్లర్కు చెప్పింది రాసుకోవాలి, కెమెరా రికార్డింగు అడిగి తీసుకోవాలి. స్టేషన్‌కు వచ్చి దొరికిన వస్తువులకు చీటీలు కట్టి సాక్ష్యాల గదిలో భద్రపరచి, రిపోర్టు టైపు చేయాలి. మర్నాడు అనుమానితుడి కోసం వెతికేదీ తనే, నెలల తర్వాత కోర్టు బోనెక్కి డిఫెన్సు లాయరుకు జవాబు చెప్పేదీ తనే. ఈలోగా బారులో కొట్లాట మొదలైతే తోడుగా రావలసిన షెరీఫ్ డిప్యూటీ ఎన్నో మైళ్ళ అవతల ఉండవచ్చు. ఒక కేసు పుట్టుక నుంచి తీర్పు దాకా మొత్తం చూడగలగడం చిన్న శాఖ ఇచ్చే గొప్ప చదువు. అయితే అలాంటి కేసులు ఏడాదికి ఎన్ని వస్తాయన్నది వేరే సంగతి.

పెద్ద నగర శాఖలో పని ముక్కలుగా విడిపోతుంది. షిఫ్టు మొదట్లో హాజరు, సార్జెంటు చెప్పే సూచనలు, ఆ తర్వాత కార్లలో గస్తీ. కాల్పులు జరిగిన చోటికి మొదట చేరిన గస్తీ అధికారి గాయపడినవారికి సాయం చేసి, పసుపు టేపు కట్టి, లోపలికి వెళ్ళేవారి పేర్లు, సమయాలు చిట్టాలో రాస్తూ గంటల తరబడి నిలబడతాడు. దర్యాప్తు డిటెక్టివ్‌లది, ఆధారాల సేకరణ మరో బృందానిది, పత్రికలకు చెప్పేది ఇంకో విభాగం. ఆ ఒక్క కేసులో అతని పాత్ర చిన్నదే. కానీ అలాంటి సంఘటనలు పల్లె అధికారి సర్వీసంతా చూసినదాని కంటే ఎక్కువ అతనికి ఒక్క ఏడాదిలో ఎదురుకావచ్చు. పైగా నగర శాఖలో వెళ్ళగల తోవలు ఎన్నో ఉంటాయి. న్యూయార్క్‌లో ఎమర్జెన్సీ సర్వీస్ యూనిట్, ఓడరేవు గస్తీ, హెలికాప్టర్ విభాగం, గుర్రపు దళం, బాంబు స్క్వాడ్ ఉన్నాయి. లాస్ ఏంజెలెస్ శాఖ 1960ల చివర్లో మొదలుపెట్టిన స్వాట్ దళం దేశమంతటికీ నమూనా అయింది. చిన్న ఊళ్ళో ఒకే డాక్టరు అన్ని జబ్బులూ చూడటానికీ, పెద్దాసుపత్రిలో స్పెషలిస్టు ఒకే అవయవాన్ని వేలసార్లు చూడటానికీ ఉన్న తేడా ఇక్కడా ఉంది. రెండూ నైపుణ్యాలే, రకాలు వేరు.

షెరీఫ్ కార్యాలయాల విషయంలో మరో చిక్కుంది. షెరీఫ్ సాధారణంగా ఓట్లతో గెలిచిన నాయకుడు. చాలా కౌంటీల్లో జైలు నిర్వహణ కూడా అతనిదే. లాస్ ఏంజెలెస్ కౌంటీ లాంటి భారీ షెరీఫ్ శాఖలో కొత్త డిప్యూటీలు గస్తీకి రాకముందు సాధారణంగా కొన్నేళ్ళు జైలులో పనిచేయాలి. పెద్ద శాఖలో చేరితే మొదటి రోజు నుంచే వీధుల్లో నేరాలతో తలపడవచ్చనుకునేవారు ఈ సంగతి తెలుసుకుని దరఖాస్తు పెట్టాలి.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి

పరిమాణానికీ పని నాణ్యతకూ ఉన్న సంబంధం మీద అత్యంత విలువైన పరిశోధన చేసింది ఎలినార్ ఆస్ట్రమ్. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న తొలి మహిళ ఆమె. 1970ల ఆరంభంలో ఇండియానా విశ్వవిద్యాలయంలో తన విద్యార్థులతో కలిసి ఇండియానాపొలిస్ పక్కనున్న బీచ్ గ్రోవ్, లారెన్స్, స్పీడ్‌వే అనే చిన్న పట్టణాల పోలీసును, ఆ పక్కనే అదే తరహా జనం ఉండే ఇండియానాపొలిస్ పేటల పోలీసుతో పోల్చారు. గస్తీ, ఫోను చేస్తే వచ్చే వేగం, బాధితుడికి అందిన సాయం వంటి వాటిలో చిన్న శాఖలు నగర శాఖ కంటే వెనుకబడలేదు, పలు కొలతల్లో మెరుగ్గా ఉన్నాయి. తర్వాత చికాగో శివార్లలోని పేద నల్లజాతి పల్లెల్లోనూ, అనేక మహానగర ప్రాంతాల్లోనూ చేసిన అధ్యయనాలు ఇదే దిశను చూపాయి. అయితే ఆమె చెప్పింది చిన్నదే మేలని కాదు. నేర పరిశోధనశాల, శిక్షణ, రేడియో డిస్పాచ్ లాంటి పనులకు పెద్ద పరిమాణం కలిసొస్తుందనీ, జనానికి నేరుగా అందించే సేవకు అది అవసరం లేదనీ ఆమె తేల్చారు. చిన్న గస్తీ శాఖలూ, వాటికి వెన్నుదన్నుగా ఉమ్మడి పెద్ద సేవలూ కలిసి ఉన్నచోట వ్యవస్థ బాగా నడిచింది.

ఉద్యోగార్థికి ఇందులో నేర్చుకోవలసింది ఉంది. చిన్న శాఖను ఒంటరిగా చూడకూడదు, దాని చుట్టూ ఉన్న సహకార వ్యవస్థతో కలిపి చూడాలి. సెయింట్ లూయిస్ ప్రాంతంలో 1965 నుంచి ఉన్న మేజర్ కేస్ స్క్వాడ్‌లో వేర్వేరు శాఖల డిటెక్టివ్‌లు హత్య కేసుల కోసం కలిసి పనిచేస్తారు. ఉత్తర ఇలినాయ్‌లో శివారు శాఖలు 1983లో ఒక పరస్పర సహాయ వ్యవస్థను ఏర్పాటు చేసుకున్నాయి. ఇలాంటి చోట ముప్పైమంది ఉన్న శాఖలోని అధికారికి కూడా హత్య దర్యాప్తులో, ప్రత్యేక దళంలో పాలుపంచుకునే అవకాశం దొరుకుతుంది. అలాంటి ఏర్పాట్లు లేనిచోట అదే పరిమాణపు శాఖలో అధికారి ఏళ్ళ తరబడి ట్రాఫిక్ చలానాలకే పరిమితం కావచ్చు.

శాఖ నడవడి గురించి జేమ్స్ క్యూ. విల్సన్ 1968లో ప్రచురించిన అధ్యయనం మరో ఆధారం. ఎనిమిది ప్రాంతాల పోలీసును పరిశీలించి ఆయన మూడు తీరులను గుర్తించారు. గొడవ పెద్దది కాకుండా చూసి ఊరుకునే కావలి తీరు ఒకటి, చట్టాన్ని అక్షరాలా అమలుచేసే తీరు రెండోది, స్థానికుల సేవకు ప్రాధాన్యమిచ్చే తీరు మూడోది. ఏ ఊరు ఏ వర్గంలోకి వచ్చిందో చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. చట్టం అక్షరాలా అమలయ్యే జాబితాలో ఓక్‌లాండ్ నగరమూ ఉంది, ఇలినాయ్‌లోని చిన్న పట్టణం హైలాండ్ పార్కూ ఉంది. సేవ తీరు జాబితాలో బ్రైటన్ అనే చిన్న శివారూ ఉంది, భారీ శాఖ అయిన నాసావు కౌంటీ కూడా ఉంది. నడవడిని నిర్ణయించింది ఆ ఊరి రాజకీయ సంస్కృతీ, పాలకులు పోలీసు నుంచి కోరుకున్నదీ. ఎంతమంది పోలీసులున్నారన్నది కాదు.

ఈ సత్యానికి చీకటి కోణం ఫెర్గుసన్‌లో కనబడింది. మిస్సోరీలోని ఆ చిన్న నగరపు శాఖలో యాభై మందికి కాస్త పైగా అధికారులుండేవారు. 2015 మార్చిలో అమెరికా న్యాయ శాఖ ప్రకటించిన నివేదిక ప్రకారం అక్కడ జరిమానాల ఆదాయమే లక్ష్యంగా మారింది. అధికారుల పనితీరు అంచనా, ప్రమోషన్ కూడా ఎన్ని చలానాలు రాశారన్నదాని మీదే అతిగా ఆధారపడ్డాయి. అంతమాత్రాన పెద్ద నగరాలు ఈ రోగానికి అతీతమని చెప్పలేం. అంకెల ఆధారంగా ప్రాంతీయ అధికారులను నిలదీసే కాంప్‌స్టాట్ పద్ధతిని న్యూయార్క్ శాఖ 1994లో మొదలుపెట్టింది. అదే నగరంలో 2011లో పోలీసులు వీధిలో మనుషులను ఆపి ప్రశ్నించిన సంఘటనలు 6,85,724. అలా ఆపి ప్రశ్నించే పద్ధతి అమలైన తీరు రాజ్యాంగ విరుద్ధమని 2013లో ఫెడరల్ న్యాయమూర్తి తీర్పిచ్చారు. చిన్నచోట ఖజానా ఒత్తిడి, పెద్దచోట అంకెల ఒత్తిడి. రెండింటిలోనూ కింద నలిగేది కొత్తగా చేరిన అధికారే.

శిక్షణ, పర్యవేక్షణ

పెద్ద శాఖకు సొంత అకాడమీ ఉంటుంది కాబట్టి శిక్షణ మెరుగ్గా ఉంటుందన్నది ఎక్కువగా వినబడే మాట. ఇందులో కొంత నిజముంది. అయితే కనీస ప్రమాణాన్ని నిర్ణయించేది శాఖ కాదు, రాష్ట్రం. కాలిఫోర్నియా 1959లోనే ఇందుకోసం సంస్థను నెలకొల్పింది, క్రమంగా తక్కిన రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. చిన్న శాఖల అభ్యర్థులు ప్రాంతీయ అకాడమీల్లోనో కమ్యూనిటీ కాలేజీల్లోనో అదే ధ్రువీకరణ పొందుతారు. 2018 లెక్కల ప్రకారం అమెరికా అకాడమీల్లో ప్రాథమిక శిక్షణ సగటున 833 గంటలు. అసలు తేడా అకాడమీ తర్వాత, అనుభవజ్ఞుడైన అధికారి పక్కన కూర్చుని వీధిలో నేర్చుకునే కాలంలో వస్తుంది. శాన్ హోసే నగర శాఖ 1970ల ఆరంభంలో రూపొందించిన ఫీల్డ్ ట్రైనింగ్ పద్ధతి దేశమంతటా పాకింది. కొత్తవారిని ఒకరి తర్వాత ఒకరుగా పలువురు శిక్షకుల దగ్గర పనిచేయించడం, రోజూ రాతపూర్వకంగా మార్కులు వేయడం దాని ప్రాణం. పదిమంది ఉన్న శాఖలో ఒకే శిక్షకుడు దొరికితే ఆయన మంచి అలవాట్లతో పాటు చెడ్డవీ అంటుకుంటాయి. షిఫ్టులో మనుషులు చాలకపోతే గడువుకు ముందే కొత్తవారిని ఒంటరిగా కారెక్కించే ప్రలోభం శాఖ పెద్దదైనా చిన్నదైనా ఉంటుంది.

పర్యవేక్షణలోనూ ఇదే వరస. చిన్న శాఖలో చీఫ్‌కు ప్రతి ఒక్కరి పని ప్రత్యక్షంగా తెలుస్తుంది. అది వరమే, కానీ చీఫ్ పక్షపాతి అయితే, లేదా మేయరు చెప్పుచేతల్లో ఉంటే ఫిర్యాదు చేసుకోవడానికి రెండో గడప ఉండదు. పెద్ద శాఖలో అంతర్గత విచారణ విభాగం, బలమైన యూనియన్, సివిల్ సర్వీసు నిబంధనలు రక్షణగా ఉంటాయి. వాటి వెనకే ఫైళ్ళ కుప్పలు, ముఖమెరుగని పై అధికారులూ ఉంటారు.

ఎదుగుదల: రెండు రకాల దారులు

పరిమాణం మార్చే రెండో సంగతి ఎదుగుదల దారి, ఈ ఎంపికలో కీలకం ఇదే. పెద్ద శాఖలో ఉద్యోగం మారకుండానే పని మారుతుంది. గస్తీ విసుగెత్తితే దర్యాప్తుకు, అది చాలనుకుంటే శిక్షణకు, ఆపైన ప్రత్యేక దళానికి, సీనియారిటీ, పింఛను చెక్కుచెదరకుండా వెళ్ళవచ్చు. చిన్న శాఖలో పని మారాలంటే తరచుగా ఉద్యోగమే మారాలి. న్యూయార్క్‌లో సార్జెంటు, లెఫ్టినెంటు, కెప్టెన్ పదవులకు సివిల్ సర్వీసు పరీక్ష ఉంది. కెప్టెన్ పైన పదోన్నతి కమిషనర్ విచక్షణకు లోబడి ఉంటుంది. పరీక్ష కష్టమే, పోటీపడేవారు వేలల్లో ఉంటారు, కానీ నిచ్చెన మెట్లు కనబడుతూ ఉంటాయి. చిన్న శాఖలోనూ షిఫ్టులకు సార్జెంట్లు కావాలి కాబట్టి సిబ్బందిలో పర్యవేక్షకుల పాలు ఎక్కువే. అక్కడ ప్రమోషన్ త్వరగా వస్తుందన్న నమ్మకం ఇక్కడి నుంచే పుట్టింది. కానీ ఉన్న రెండు మూడు కుర్చీల్లో నలభై ఏళ్ళవారు కూర్చుని ఉంటే వారు రిటైరయ్యేదాకా ఎవరికీ దారి లేదు. అంటే చిన్న శాఖలో ప్రమోషన్ వేగం శాఖ సగటును బట్టి కాదు, పైనున్న ఇద్దరు ముగ్గురి వయసును బట్టి ఉంటుంది. దరఖాస్తుకు ముందు ఆ వివరం అడిగి తెలుసుకోవడంలో తప్పులేదు.

బయటికి వెళ్ళే దారి ఎంత సులువన్నది పింఛను మీద ఆధారపడుతుంది. న్యూయార్క్ నగర పోలీసుకు సొంత పింఛను నిధి ఉంది. ఆ రాష్ట్రంలోని చిన్న పట్టణాల పోలీసు రాష్ట్రస్థాయి ఉమ్మడి పింఛను వ్యవస్థలో ఉంటారు, కాబట్టి ఆ వ్యవస్థలోని ఒక ఊరి నుంచి మరో ఊరికి మారినా సర్వీసు కలుస్తుంది. టెక్సాస్‌లో చాలా నగరాలు ఉమ్మడి మునిసిపల్ పింఛను వ్యవస్థలో ఉంటే, డల్లాస్‌కు మాత్రం సొంత నిధి ఉంది. ఉమ్మడి వ్యవస్థలో ఉన్న చిన్న శాఖలో చేరి, అనుభవం సంపాదించి, పక్క ఊరికి మారేవారికి నష్టం తక్కువ. సొంత నిధి ఉన్న పెద్ద శాఖను మధ్యలో వదిలేవారికి నష్టం ఎక్కువ. పెద్ద శాఖలు ఇచ్చే భరోసా, అవి వేసే సంకెల ఒకే చోటి నుంచి వస్తాయి.

ఎత్తుకు చేరాలనుకునేవారికి చిన్న శాఖ అడ్డంకి కాదనడానికి చరిత్రే సాక్ష్యం. ఆధునిక అమెరికా పోలీసు పితామహుడిగా పేరుపొందిన ఆగస్ట్ వోల్మర్ 1905లో కాలిఫోర్నియాలోని బర్కిలీ అనే చిన్న పట్టణంలో మార్షల్‌గా ఎన్నికై, ఆ తర్వాత అక్కడే చీఫ్ అయ్యారు. కాలేజీ చదివినవారిని పోలీసులుగా తీసుకోవడం, గస్తీకి కార్లు, రేడియో వాడటం ఆయన శాఖలో తొలినాళ్ళలోనే మొదలయ్యాయి. ఆయన దగ్గర గస్తీ అధికారిగా చేరిన ఓ. డబ్ల్యూ. విల్సన్ తర్వాత విచిటా చీఫ్‌గా పేరు తెచ్చుకుని, 1960లో చికాగో శాఖకు అధిపతి అయ్యారు.

జీతం, ఉద్యోగ భద్రత

జీతాలు పరిమాణాన్ని కాక పన్ను ఆదాయాన్ని అనుసరిస్తాయి. స్థానిక శాఖకు డబ్బు ప్రధానంగా ఆస్తి పన్ను, అమ్మకపు పన్నుల నుంచి వస్తుంది. సంపన్న శివారు పట్టణం పొరుగునున్న మహానగరం కంటే ఎక్కువ ఇవ్వగలదు. లాంగ్ ఐలాండ్‌లోని నాసావు, సఫోక్ కౌంటీలు న్యూయార్క్ నగరం కంటే మెరుగైన జీతాలివ్వడం, నగర పోలీసులు అటు వెళ్ళాలని పరీక్షలు రాయడం ఏళ్ళ తరబడి నడుస్తున్నదే. అదే సమయంలో పేద పల్లె శాఖలు నగరంలో సగం జీతం కూడా ఇవ్వలేక మనుషులను నిలుపుకోలేకపోతాయి. సియాటిల్ లాంటి నగరాలు మనుషులు దొరకక 2024లో కొత్తవారి ప్రారంభ వేతనాన్ని ఏడాదికి లక్ష డాలర్లు దాటించాయి.

పెద్ద శాఖ మూతపడదు, చిన్నది మూతపడవచ్చు అన్న మాట పాక్షికంగానే నిజం. దక్షిణ కాలిఫోర్నియాలోని మేవుడ్ పట్టణం పోలీసు మీద దావాల కారణంగా బీమా కోల్పోయి 2010లో తన పోలీసు శాఖను రద్దుచేసి షెరీఫ్‌తో ఒప్పందం చేసుకుంది. మిస్సోరీలోని జెన్నింగ్స్ నగరం 2011లో తన శాఖను మూసేసి కౌంటీకి అప్పగించింది. న్యూజెర్సీలోని కామ్డెన్ మాత్రం పల్లెటూరు కాదు. వందలమంది పోలీసులున్న ఆ నగరం 2011లో దాదాపు సగంమందిని తొలగించి, 2013లో శాఖనే రద్దుచేసి కౌంటీ శాఖను ఏర్పాటు చేసింది. పాత సిబ్బంది మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చింది. డెట్రాయిట్ 2013లో దివాలా ప్రకటించాక రిటైరైన పోలీసుల పింఛనులో ఏటా పెరగవలసిన భాగానికి కోత పడింది. డల్లాస్ పోలీసు పింఛను నిధి 2016లో కుప్పకూలే దాకా వెళ్ళింది. ఉద్యోగ భద్రతను అంచనా వేయాలంటే పోలీసుల తలలు లెక్కపెట్టడం కంటే నగరపు బడ్జెట్ చదవడం ఉపయోగం.

అభ్యంతరాలు

పెద్ద శాఖను సమర్థించేవారు లేవనెత్తే గట్టి అభ్యంతరం భద్రతకు సంబంధించినది. పెద్ద ప్రమాదం ముంచుకొస్తే చిన్న శాఖ చేతులెత్తేస్తుందని వారి వాదన. 2022 మే 24న టెక్సాస్‌లోని యువాల్డీ పాఠశాలలో 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు హతమైన ఘటన ఇందుకు ఉదాహరణగా చూపుతారు. పాఠశాల జిల్లా పోలీసు శాఖ నిజంగానే అతి చిన్నది. కానీ టెక్సాస్ శాసనసభ కమిటీ నివేదిక ప్రకారం ఆ రోజు అక్కడికి చేరినవారు 376 మంది. వారిలో ఎక్కువమంది సరిహద్దు గస్తీ, రాష్ట్ర పోలీసు లాంటి భారీ సంస్థలవారు. అయినా దుండగుడున్న గదిలోకి వెళ్ళడానికి గంటకు పైగా పట్టింది. అక్కడ కొరవడింది బలగం కాదు, ఒకరు నాయకత్వం తీసుకోవడం. కాబట్టి చిన్న శాఖలో చేరేవారు అడగవలసింది పొరుగు శాఖలతో కలిసి కసరత్తులు చేస్తారా, ప్రమాదవేళ ఎవరి మాట చెల్లుతుందో ముందే రాసుకున్నారా అన్నది.

చిన్న శాఖను సమర్థించేవారి అభ్యంతరం దీనికి ఎదురుదిక్కున ఉంటుంది. నగర పోలీసు పని మనిషిని పిండి పారేస్తుందని, అందుకే జనం నగర శాఖలను వదిలి పోతున్నారని వారంటారు. 2020లో పోలీసు చేతిలో జరిగిన జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత మినియాపొలిస్ శాఖలో అధికారుల సంఖ్య సుమారు 900 నుంచి 600 లోపుకు పడిపోయింది. పోలీసు ఉన్నతాధికారుల పరిశోధన వేదిక 2024లో ప్రకటించిన సర్వేలో చిన్న, మధ్యస్థ శాఖలు 2020 ఆరంభపు బలాన్ని దాటగా, 250 మంది, అంతకు మించి ఉన్న పెద్ద శాఖలు అప్పటికి ఇంకా 5 శాతానికి పైగా వెనకబడి ఉన్నాయి. ఇవి నిజాలే. కానీ మనుషులు తగ్గిన శాఖలో ప్రత్యేక విభాగాలకు ఖాళీలు త్వరగా వస్తాయి, ఓవర్‌టైమ్ పెరుగుతుంది, అలసటా పెరుగుతుంది. ఇక చిన్న ఊరు ప్రశాంతమన్న నమ్మకంలో మరో చిక్కుంది. అక్కడ అరెస్టయిన మనిషి మర్నాడు కిరాణా కొట్లో ఎదురుపడతాడు, అతని పిల్లలూ అధికారి పిల్లలూ ఒకే బడిలో చదువుతారు. డ్యూటీ దిగినా పోలీసుతనం వదలదు. నగరంలో దొరికే అజ్ఞాతం పల్లెలో దొరకదు. ఈ రెండింటిలో ఏది భరించగలరన్నది అభ్యర్థి స్వభావం చెప్పాలి.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల యువతకు ఇంకో ప్రశ్న ముందే ఎదురవుతుంది. చాలా రాష్ట్రాల్లో పోలీసు ఉద్యోగానికి పౌరసత్వం తప్పనిసరి. కాలిఫోర్నియా 2023 నుంచి, ఇలినాయ్ 2024 నుంచి పౌరులు కానివారిలో చట్టప్రకారం అర్హత ఉన్నవారికీ తలుపు తెరిచాయి. అక్కడ పుట్టి పెరిగినవారికి ఈ అడ్డంకి ఉండదు. కానీ ఇంట్లో పెద్దలకు తెలిసిన పోలీసు వ్యవస్థ ఒకే రాష్ట్రం, ఒకే శాఖ, బదిలీల మీద నడిచేది. అమెరికాలో బదిలీ అంటే చాలాసార్లు రాజీనామా చేసి మరో ఊరి నేపథ్య విచారణ, మానసిక పరీక్ష, ఇంటర్వ్యూలు మళ్ళీ మొదటి నుంచీ ఎదుర్కోవడమని వారికి ముందుగా చెప్పాలి.

తేలేదేమిటి

ఈ సాక్ష్యాలన్నీ కలిపి చూస్తే శాఖ పరిమాణం రెండో ప్రశ్న, మొదటిది కాదు. మొదట చూడవలసినవి నాలుగు. ఫీల్డ్ ట్రైనింగ్ ఎన్ని వారాలు, ఎంతమంది శిక్షకుల దగ్గర జరుగుతుంది? నగర ఖజానా గట్టిదా, చలానాల ఆదాయం మీద బతుకుతోందా? పొరుగు శాఖలతో ఉమ్మడి దర్యాప్తు బృందాలు, డిస్పాచ్, పరిశోధనశాల ఏర్పాట్లున్నాయా? పింఛను వేరే ఊరికి తీసుకుపోవచ్చా? ఈ నాలుగింటికీ మంచి జవాబులిచ్చే శాఖ ఇరవై మందిదైనా ఇరవై వేలమందిదైనా చేరదగ్గదే. ఇందులో రెండింటికైనా సూటిగా జవాబు చెప్పలేని శాఖ ఎంత పేరున్నదైనా అనుమానించదగ్గదే. ఆ వడపోత అయ్యాకే పరిమాణం సంగతి ఆలోచించాలి. ఏ రకం పోలీసు పని తనకు సరిపడుతుందో ఇంకా తెలియనివారికి, మధ్యలో మనసు మారుతుందని అనుకునేవారికి పెద్ద శాఖ మేలు, ఎందుకంటే అక్కడ మనసు మార్చుకోవడానికి ఉద్యోగం వదలనక్కరలేదు. మొదటి నుంచీ కేసును ఆసాంతం తన చేతుల మీదుగా నడపాలనుకునేవారికి, ఒకే ఊరితో ఏళ్ళ అనుబంధం కోరుకునేవారికి, సహకార వ్యవస్థ బలంగా ఉన్న ప్రాంతంలోని చిన్న శాఖ మేలు. ఆర్థికంగా కుదురులేని, పొరుగువారితో పొత్తులేని, పదిమంది కూడా లేని శాఖను మాత్రం జీతం ఆకర్షణీయంగా ఉన్నా తొలి ఉద్యోగంగా ఎంచుకోకపోవడమే మంచిది.